ఆదివారం ఆటో, సోమవారం డీఎస్పీ

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసిమ్మంటే మేము క్రికెట్ గురించి రాస్తామన్నాం. సంచిక పని చూస్తున్న మిత్రులు నవ్వారు. "గ్రూప్స్ ప్రిపరేషన్ మీద రాయండన్నా, తమ్ముళ్లకు పనికొస్తది" అన్నారు. అది రాయడానికి మనలో చాలామందే ఉన్నారు. మాకు మాత్రం 2025 ఆగస్టు 3, 4 తేదీల్లో, అంటే ఒక ఆదివారం, ఒక సోమవారం, మన హాస్టల్ పై అంతస్తు వరండాలో జరిగింది రాయాలనిపించింది. ఆట లండన్‌లో జరిగింది. మేము రాసేది ఎక్కువగా చూసినవాళ్ల గురించి.

టెస్ట్ మ్యాచ్ అంటే మన తమ్ముళ్లకు పెద్దగా పడదు. ఐదు రోజులు ఆడి చివరికి డ్రా అంటే ఎట్లన్నా అంటారు. ఐపీఎల్ అయితే ఒక్క రాత్రిలో తేలిపోతుంది, గెలిస్తే అరుస్తాం, ఓడితే తిట్టి పడుకుంటాం. టెస్ట్ అట్లా వదలదు. పొద్దున తిట్టిన మనిషినే సాయంత్రం మెచ్చుకోవాల్సి వస్తుంది. మధ్యలో ఒక రాత్రి వస్తుంది, అన్న మాట గుర్తొస్తుంది. అభిమాని అసలు సంగతి తెలిసేది అక్కడే అని మా అభిప్రాయం.

మన హాస్టల్లో చదివి ఇప్పుడు టీచరుగా ఉన్న ఒక అన్న, పోయినసారి వార్షికోత్సవానికి వచ్చినప్పుడు రాత్రి చాలాసేపు మాతో కూర్చున్నాడు. 2001 మార్చిలో కోల్‌కతా టెస్టును ఈ హాస్టల్లోనే ట్రాన్సిస్టర్‌లో విన్నాడట. ఫాలోఆన్ ఆడుతున్న జట్టు, అవతల వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా. నాలుగో రోజంతా మన హైదరాబాదు లక్ష్మణ్, ద్రవిడ్ ఇద్దరే ఆడారు, ఒక్క వికెట్ పడలేదు. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180, ఇద్దరూ కలిసి 376. చివరికి 171 పరుగులతో గెలిచాం. ఆ రోజు మెస్‌లో అన్నం గంట కొట్టినా ఒక్కడూ లేవలేదని అన్న చెప్పాడు. (ఇది మాత్రం మేము నమ్మం.)

అదే అన్న ఇంకో రెండు మ్యాచ్‌లు చెప్పాడు, రెండూ 1999వే, పాకిస్తాన్‌తోవే. జనవరి చివర చెన్నైలో సచిన్ వెన్నునొప్పితోనే 136 కొట్టాడు, అయినా 12 పరుగులతో ఓడిపోయాం. ఓడిన బాధలో ఉన్న ఆ జనమే లేచి నిలబడి పాకిస్తాన్ ఆటగాళ్లకు చప్పట్లు కొడితే, వాళ్లు మైదానం చుట్టూ తిరిగి దండం పెట్టారు. మూడు వారాలు తిరక్కముందే కోల్‌కతాలో సచిన్ పాకిస్తాన్ బౌలర్‌కు తగిలి రనౌట్ అయ్యాడని జనం సీసాలు విసిరారు. ఆఖరి రోజు మొత్తం గ్యాలరీలు ఖాళీ చేయించి, ఖాళీ కుర్చీల ముందు ఆట ముగించాల్సి వచ్చింది. దేశం ఒకటే, ప్రత్యర్థి ఒకటే, నెల కూడా గడవలేదు. చూసేవాళ్లు మాత్రం వేరు.

ఇవి మేము పుట్టకముందు సంగతులు. మాకు తెలివి వచ్చాక చూసిన జనం 2021 జనవరి సిడ్నీ జనం. అక్కడ మన సిరాజ్‌ను బౌండరీ దగ్గర గ్యాలరీలోంచి జాతి పేరుతో తిట్టారు. అతను అంపైర్లకు చెప్పాడు, ఆట ఆగింది, ఆరుగురిని బయటికి పంపారు. కావాలంటే మైదానం వదిలి వెళ్లవచ్చని అంపైర్లు చెప్పారనీ, కెప్టెన్ రహానే ఆడతామన్నాడనీ సిరాజే తర్వాత చెప్పాడు. ఆ సిరాజ్ అప్పటికి తండ్రి చనిపోయి రెండు నెలలు కూడా కాని మనిషి. నవంబరులో కబురు తెలిసినా ఇంటికి రాకుండా జట్టుతో ఉండిపోయాడు. సిరీస్ గెలిచి హైదరాబాదులో దిగాక విమానాశ్రయం నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు.

అదే సిడ్నీ టెస్టులో మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరిగెత్తలేక 161 బంతులు ఆడి, 23 పరుగులతో అశ్విన్‌తో కలిసి మ్యాచ్ కాపాడాడు. అతను క్రికెట్‌ను చంపేశాడని అప్పటి కేంద్ర మంత్రి ఒకాయన రాశాడు, పేరు కూడా 'హనుమ బిహారీ' అని రాశాడు. విహారి వాదించలేదు. తన పేరును సరిగా రాసి పెట్టాడు, అంతే. అంతకంటే మంచి జవాబు మేమింకా చూడలేదు.

సిడ్నీలో తిట్టినవాళ్లు పరాయి దేశంవాళ్లు. మనవాళ్ల సంగతికి వస్తే, ఐపీఎల్‌లో సరిగా వేయలేకపోయిన రోజుల్లో "క్రికెట్ మానేసి పోయి మీ నాన్నతో ఆటో తోలుకో" అని జనం అన్నారని సిరాజే చెప్పుకున్నాడు. తండ్రి మహమ్మద్ గౌస్ హైదరాబాదులో ఆటో నడిపాడు, ఆ సంపాదనతోనే కొడుకు బౌలర్ అయ్యాడు. బౌలింగ్ బాగా లేదంటే బౌలింగ్ బాగా లేదనాలి. మధ్యలో ఆటో ఏం చేసింది?

ఇక మన వరండాకు వద్దాం. మన టీవీలో ఆ ఛానెల్ రాదని అందరికీ తెలుసు. ముగ్గురి ఫోన్లలో డేటా వంతులవారీగా వాడుకుంటూ, బోర్లించిన బకెట్ మీద ఫోన్ నిలబెట్టి చూశాం. ఒక ఫోన్, ఇరవైమంది. వెనకున్నవాళ్లకు బంతి కనబడదు, ముందున్నవాళ్ల మెడలు కనబడతాయి. దానికి తోడు కింది అంతస్తు వాళ్ల ఫోన్ మాకంటే అరనిమిషం ముందుంది. మా ఫోన్‌లో బౌలర్ ఇంకా పరిగెత్తుకొస్తుంటే కింద నుంచి "ఓ..." అని వినబడుతుంది. అది వికెట్టా, సిక్సా అని గుండె పట్టుకుని చూడటమే. ఇంత ఘోరమైన థర్డ్ అంపైర్ ఏ దేశంలోనూ ఉండడు.

ఆదివారం ఐదు గంటల ప్రాంతం. ఇంగ్లండ్‌కు 374 కావాలి. ప్రసిద్ధ్ కృష్ణ బంతిని బ్రూక్ గాల్లోకి లేపాడు. బౌండరీ దగ్గర సిరాజ్ పట్టేశాడు. ప్రసిద్ధ్ చేతులు పైకెత్తేశాడు, మేమూ లేచాం. పట్టాక సిరాజ్ కాలు ఒక్క అడుగు వెనక్కి పడి బౌండరీ తాడు మీద పడింది. ఔట్ కావాల్సింది సిక్స్ అయింది. అప్పటికి బ్రూక్ 19 మీద ఉన్నాడు. తర్వాత 111 దాకా వెళ్లాడు.

వెనక నుంచి ఒక గొంతు, "వీన్ని పోయి ఆటో తోలుకోమను రా."

కొందరు నవ్వారు. మా పక్కన కూర్చున్న డిగ్రీ రెండో సంవత్సరం తమ్ముడు నవ్వలేదు. వాళ్ల నాన్న మండల కేంద్రంలో ఆటో నడుపుతాడు. వాడు లేచి, ఆరేసిన బట్టలు తీసుకుని గదిలోకి వెళ్లిపోయాడు. మేము అన్నవాడి వైపు తిరిగి, "అదేం మాట, మీ నాన్న మార్కెట్ యార్డులో హమాలీ కాదా?" అన్నాం. వాడికి కోపం రాలేదు, నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఊకెనే అన్నన్నా. అందరు అంటరు కదా" అన్నాడు.

ఆ 'అందరూ' ఎవరో మేము రాత్రంతా ఆలోచించాం. ఈ వరండాలో కూర్చున్నవాళ్లలో తండ్రి నౌకరీ చేసేవాడు ఒక్కడూ లేడు. మేస్త్రీ పని, పత్తి ఏరే పని, ఆటో, హమాలీ, ఇస్త్రీ. మాలో చాలామందిమి ఇంట్లో డిగ్రీ చూసిన మొదటివాళ్లం. ఒక్క సబ్జెక్టు పోతే ఊళ్లో మనకు వినబడే మాట కూడా ఇదే కదా, 'చదువు మనకెందుకు, పోయి ఫలానా పని చూసుకో' అని. ఆ మాట ఎంత దూరం తగులుతుందో తెలిసినవాడి నోటి నుంచే అది అంత తేలిగ్గా వచ్చింది. మమ్మల్ని బాధపెట్టింది అదే.

బ్రూక్ చివరికి ఎవరి చేతికి చిక్కాడో తెలుసా? ఆకాశ్ దీప్ బౌలింగ్‌లో సిరాజ్ చేతికే. అది ఆ వరండాలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అప్పటికే మ్యాచ్ పోయిందనుకున్నారు. తర్వాత రూట్ కూడా 105 దగ్గర ఔటయ్యాడు, వెలుతురు తగ్గి, వాన పడి ఆట ఆగింది. ఇంకా 35 పరుగులు, 4 వికెట్లు.

సోమవారం మధ్యాహ్నం మూడున్నరకు ఆట. క్లాసులు ఉన్నాయి కాబట్టి సగంమందే వచ్చారని రాస్తే బాగుండేది కానీ, నిజానికి ఆదివారం కంటే ఎక్కువమంది వచ్చారు. ఓవర్టన్ మొదటి రెండు బంతులనే ఫోర్లు కొట్టాడు. తర్వాత సిరాజ్ మొదలుపెట్టాడు. స్మిత్ కీపర్‌కు చిక్కాడు, ఓవర్టన్ ఎల్బీ. ప్రసిద్ధ్ టంగ్‌ను బౌల్డ్ చేశాడు. ఇంకా 17 కావాలి.

అప్పుడు వోక్స్ దిగాడు. మొదటి రోజు ఫీల్డింగ్‌లో ఎడమ భుజం జారిన మనిషి. ఒక చెయ్యి స్వెట్టర్ లోపల కట్టేసి ఉంది, రెండో చేతిలో బ్యాటు. ఓవల్ గ్యాలరీలో జనం లేచి నిలబడ్డారు, ఇంగ్లండ్‌వాళ్లూ మనవాళ్లూ అందరూ. మా దగ్గర మాత్రం రకరకాలుగా ఉంది. ఒకడు "సింపతీ కోసం" అన్నాడు. ఇంకొకడు "కొట్టేయ్ రా యార్కర్" అన్నాడు. మూలన నిలబడ్డ మా వంట అన్న ఒక్కసారి అడిగాడు, "ఆయన చెయ్యికేమైంది?" చెప్పాం. "అయ్యో, మరెందుకొచ్చిండు?" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. పది రోజుల కింద మాంచెస్టర్‌లో ఇదే వోక్స్ బంతి తగిలి పంత్ పాదం ఎముక విరిగింది. మర్నాడు పంత్ కుంటుకుంటూ దిగితే అక్కడి జనం లేచి చప్పట్లు కొట్టారు. అప్పుడు మేము మురిసిపోయాం. ఆ సంగతి ఒకరు గుర్తుచేశారు. ముందు ఇద్దరు చప్పట్లు కొట్టారు, తర్వాత పదిమంది. వంట అన్న కూడా కొట్టాడు. చెన్నైలో 1999లో లేచి నిలబడ్డవాళ్ల సంగతి మాకు అప్పుడే బాగా అర్థమైంది. వాళ్లు గెలవాలనుకోకపోవడం వల్ల లేవలేదు. మేమూ గెలవాలనే కూర్చున్నాం.

వోక్స్ ఒక్క బంతి కూడా ఆడలేదు. ప్రతి పరుగుకూ నొప్పితో మొహం ముడుచుకుంటూ ఉరికాడు. అట్కిన్సన్ ఒక సిక్స్ కొట్టాడు. ఇంకొక సిక్స్ పడితే టై. సిరాజ్ పరిగెత్తుకొస్తున్నాడు, కింద నుంచి అరుపు వచ్చేసింది. ఈసారి ఆ అరుపు ఆగకుండా వస్తూనే ఉంది కాబట్టి మాకు తెలిసిపోయింది. అరనిమిషం తర్వాత మా ఫోన్‌లో అట్కిన్సన్ ఆఫ్ స్టంప్ ఎగిరింది. 6 పరుగులతో గెలుపు. పరుగుల లెక్కన భారత్ గెలిచిన టెస్టులన్నిటిలో ఇదే అతి తక్కువ తేడా. అంతకుముందు 2004లో ముంబయిలో ఆస్ట్రేలియా మీద 13.

వరండా ఊగిపోయింది. ఆదివారం ఆటో మాట అన్నవాడే అందరికంటే గట్టిగా "డీఎస్పీ సార్! డీఎస్పీ సార్!" అని సెల్యూట్ కొట్టాడు. 2024లో తెలంగాణ ప్రభుత్వం సిరాజ్‌కు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది కదా, అది. అందరూ అందుకున్నారు. వాడి ఆనందంలో ఏ కల్మషమూ లేదు, అది మేము ఒప్పుకుంటాం. కానీ మాకు నవ్వు వచ్చింది, కాస్త చివుక్కుమంది కూడా. ఆదివారం ఆటో, సోమవారం డీఎస్పీ. తిట్టినా నౌకరీ పేరే, పొగిడినా నౌకరీ పేరే. ఆ రెండింటి మధ్య మనిషి వేసిన బంతులు ఎక్కడ పోయాయి? ఆ సిరీస్‌లో సిరాజ్ 185.3 ఓవర్లు వేశాడు. లెక్క కట్టుకోండి, 1,113 బంతులు. 23 వికెట్లు. రెండు జట్ల ఫాస్ట్ బౌలర్లలో ఐదు టెస్టులూ ఆడింది ఇద్దరే, ఒకరు సిరాజ్, ఇంకొకరు ఆ ఒంటిచేతి వోక్స్. జులైలో లార్డ్స్‌లో 30 బంతులు అడ్డుకుని, ఆడిన బంతే వెనక్కి దొర్లి బెయిల్ పడి ఓడిపోయినప్పుడు పిచ్ మీదే కుంగిపోయినవాడూ ఇతనే.

ఇదంతా ఆ రాత్రి మెస్‌లో అన్నాం. వాదన జరిగింది. "అభిమానం అన్నంక లెక్కలు సూస్తరా అన్నా" అని ఒకడు. నిజమే, చూడరు. ఆటో మాట అన్న తమ్ముడు పప్పు వడ్డిస్తూ ఏమీ మాట్లాడలేదు. తర్వాత డిగ్రీ తమ్ముడి గది ముందు కాసేపు నిలబడ్డాడు, లోపలికి పోయాడు. ఏం మాట్లాడుకున్నారో మేము అడగలేదు.

ఆ డిగ్రీ తమ్ముడు సోమవారం మ్యాచ్‌కు వరండాలోకి రాలేదు, కాలేజీలోనే ఉన్నాడట. పదిగంటలకు ఇంటికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి మా ముందే మాట్లాడాడు. "నాయినా, సిరాజ్ గెలిపిచ్చిండు, తెలుసా?" అన్నాడు.

"తెల్వకేంది? స్టాండుల అందరం ఒక్క ఫోన్ల సూసినం. గంటసేపు ఒక్కడు గిరాకీకి పోలే. బస్టాండు కాడ జనం తిట్టుకుంట నడిసిపోయిండ్రు" అన్నాడాయన. తర్వాత, "నువ్వు తిన్నవా?" అని అడిగాడు.