చూడబడిన దేశం, చూడబడిన రైతు

అంతర్జాతీయ సంస్థల మాట వచ్చినప్పుడల్లా మన మిత్రులలో రెండు వాదాలు వినబడుతుంటాయి. అవి లోకాన్ని వొకటి చేస్తాయని కొందరంటారు. బలవంతుల ముఖానికి ముసుగులని మరికొందరంటారు. సాహిత్య పాఠం చెప్పుకుని బతికే నాకు యీ రెండు తీర్పులూ తొందరపాటుగా తోస్తాయి. తీర్మానాన్ని కూడా కావ్యాన్ని చదివినట్టే చదవాలి. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరిని గురించి మాట్లాడుతున్నారు, ఎవరి గొంతు అందులో లేదు అని అడగాలి. ఉదాహరణ కోసం జెనీవా దాకా పోనక్కరలేదు. నేను పని చేసే షాద్‌నగర్ చాలు.

యీ ఊరి దగ్గర, ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకునే కేంద్రం వొకటి వున్నది. 1970ల చివర అది మొదలైనప్పుడు అందుకున్నవి అమెరికావారి లాండ్‌శాట్ చిత్రాలు. ఆ వరసలో మొదటి ఉపగ్రహం 1972లోనే ఎగిరింది. అంటే మన చెలకలనూ, చెరువులనూ, అడవులనూ పైనుంచి మనకంటె ముందు మరొక దేశం చూసింది. చూడటానికి అనుమతి అడగలేదు. ఆ చిత్రాలను అందుకోవటానికి మాత్రం మనం రుసుము చెల్లించవలసి వచ్చింది.

యిందులోని అన్యాయం మన వొక్కరికే తోచలేదు. ఐక్యరాజ్యసమితి అంతరిక్ష సంఘంలో దీనిపై ఏళ్ల తరబడి వాదం నడిచింది. ఒక దేశం నేలను పరిశీలించాలంటే ఆ దేశం సమ్మతి వుండాలని అర్జెంటీనా, బ్రెజిల్ వంటి దేశాలు పట్టుబట్టాయి. అంతరిక్షం అందరిదీ, అక్కడినుంచి చూసే చూపుకు అడ్డు వుండరాదని అమెరికా వాదించింది. చివరకు 1986 డిసెంబరు 3న సర్వసభ్య సభ పదిహేను సూత్రాలను ఆమోదించింది. ముందస్తు సమ్మతి వాటిలో చోటు చేసుకోలేదు. తన నేల చిత్రాలు తయారుకాగానే అవి ఆ దేశానికి వివక్ష లేకుండా, సమంజసమైన ధరకు అందాలని పన్నెండవ సూత్రం చెప్పింది. బలహీనులకు దక్కింది యింతే. అయినా అడగటానికి ఆ సభ లేకపోతే యింత కూడా దక్కేది కాదు.

మిగతా సగం సభలో రాలేదు, స్వశక్తి మీద వచ్చింది. 1988 మార్చి 17న బైకనూరు నుంచి సోవియట్ రాకెట్టు మన ఐఆర్ఎస్-1ఎ ఉపగ్రహాన్ని పైకి మోసుకుపోయింది. షాద్‌నగర్ మన ఉపగ్రహం పంపిన చిత్రాలను అందుకోసాగింది. 1999లో జరిగిన వియన్నా సభ తరవాత ఫ్రాన్సు, ఐరోపా అంతరిక్ష సంస్థలు వొక ఒప్పందానికి పూనుకున్నాయి. వరదలూ భూకంపాలూ వచ్చిన దేశాలకు చిత్రాలను ఉచితంగా అందించటం దాని లక్ష్యం. 2001లో ఇస్రో అందులో చేరింది. ఒకనాడు రుసుము పుచ్చుకున్న అమెరికాయే, 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహంలో మనకు భాగస్వామి అయింది. సంస్థ తనంతట తాను ఎవరికీ బలం యివ్వదు. వున్న బలానికి నియమం కల్పిస్తుంది, లేనివాడికి మాట్లాడే చోటు చూపిస్తుంది.

యిదంతా తరగతిలో చెబుతున్నప్పుడు, పత్తిచేను వున్న యింటినుంచి వచ్చిన విద్యార్థి వొకడు లేచాడు: "సార్, గా సూత్రాలల్ల దేశం పేరున్నది. మా నాయిన పేరేడున్నది?"

నేను వేసుకోమన్న మూడో ప్రశ్నకు వాడే జవాబు పట్టుకున్నాడు. ఆ పత్రం రాజ్యాలు రాజ్యాలతో మాట్లాడుకున్న మాట. రైతు అందులో పరిశీలింపబడిన నేలలో భాగం, అంతే. 2009 నుంచి భువన్ ద్వారా మన నేల చిత్రాలను ఎవరైనా చూడవచ్చునన్నది నిజమే. కాని చూడటం వేరు, చదవటం వేరు. యీ రకపు చిత్రాలు చాలావాటిలో ఏపుగా వున్న పైరు ఎర్రగా కనబడుతుంది. ఆ సంగతి తన భాషలో చెప్పేవాడు లేకపోతే రైతు తన చేను తగలబడిందనుకుంటాడు.

కనక దేశాల మధ్య సహకారం ఢిల్లీ దాకా వచ్చి ఆగిపోతే అది సగం పనే. పన్నెండవ సూత్రం దేశానికి యిచ్చిన హక్కును ఊరు తన ప్రభుత్వాన్ని అడగాలి. తన చెరువు ఎంత ఎండింది, తన చెలకలో పైరు ఎలా వున్నదో తెలుగులో చదువుకోగలగాలి. అడగటం నేర్పవలసింది సంఘాలు. చదవటం నేర్పవలసింది మనం, ఉపాధ్యాయులం. ఆ పాఠం యింకా ఏ వాచకంలోనూ నాకు కనబడలేదు. రాయవలసినవాళ్లం మనమే.