పాలసొర

సొరచేపలను డబ్బిచ్చి చూసి వచ్చానంటే మా అమ్మ నమ్మలేదు.

2023లో, కేప్‌టౌన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాను. అక్కడికి రెండు గంటల దూరంలో గాన్స్‌బాయ్ అనే ఊరుంది. ఆ పక్కనే ఉన్న చిన్న రేవు నుంచి పడవలో తీసుకువెళ్ళి, ఇనుప పంజరంలో నిలబెట్టి సొరలను చూపిస్తారు. నాతో మాటమాత్రమైనా అనకుండా అమ్మాయి రెండు టిక్కెట్లు కొనేసింది. బేగంపేటలో ఈతకొలను లోతు చూసి, తువ్వాలు తడవకుండానే ఇంటికి వచ్చినవాణ్ణి నేను!

పంజరాన్ని సముద్రం అడుగుకు దింపుతారని భయపడ్డాను. అదేమీ కాదు. అది పడవను ఆనుకుని, తల నీటిపైన ఉండేటట్టు తేలుతుంది. చేపనూనె కలిపిన కుడితి లాంటిదేదో నీళ్ళలో పోస్తూ ఉంటారు. సొర రాగానే పైనుంచి కేక వేస్తారు. మనం ఊపిరి బిగబట్టి మునగాలి. ఇలా ఎర చూపి రప్పిస్తే వాటికి మనుషులు అలవాటైపోతారని వాదించేవాళ్ళున్నారు. ఆ వాసన పీల్చాక నాకూ ఆ మాట సబబే అనిపించింది.

ఈ పంజరానికి ఆద్యుడు రోడ్నీ ఫాక్స్. 1963లో ఆస్ట్రేలియాలో, చేపల వేట పోటీలో ఉండగా తెల్లసొర అతణ్ణి నోట కరిచింది. ఒళ్ళంతా కుట్లతో బతికి బయటపడ్డవాడు, ఆ జాతిని మళ్ళీ దగ్గరగా చూడాలని పంజరం చేయించాడు. ఆ మొండితనం నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

తెల్లసొరను చంపరాదని దక్షిణాఫ్రికా 1991లోనే చట్టం చేసింది. అయితే ఓర్కాలకు చట్టాలేం తెలుసు? 2017లో అవి వేటాడిన తెల్లసొరలు కాలేజాలు లేకుండా గాన్స్‌బాయ్ ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. మిగిలినవి ఆ నీళ్ళు వదిలి తరలిపోయాయి. మాకు కనిపించినవి రాగిరంగు సొరలు. ఒకటి నా ముఖానికి మూరెడు దూరంలో, ఏ తొందరా లేకుండా, నన్ను లెక్కచేయకుండా సాగిపోయింది.

తిరిగి వచ్చాక అమ్మకు చెప్పాను.

"పంజరంలో సొరా?"

"కాదమ్మా, నేను."

"డబ్బులిచ్చి మరీనా!" అని కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

అమ్మ పుట్టిల్లు ఉప్పాడ. 1994లో మా అమ్మాయి పుట్టినప్పుడు నా భార్యకు పాలు చాలడం లేదని తెలిసి, అమ్మ గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో ఐసు డబ్బాతో దిగింది. అందులో పాలసొర. ఉడికించి, ఉప్పుకాగితంలా గరుకుగా ఉండే తోలు గీకి, తునకలు చిదిపి, నీరు పిండి, దోసెడు వెల్లుల్లితో పిడుపు వండింది. ఇంటి మీదుగా విమానం దిగినప్పుడల్లా గరిటె పట్టుకుని పైకి చూసేది. అప్పటికి విమానాశ్రయం ఇంకా శంషాబాదుకు పోలేదు. తలుపులన్నీ మూసినా వాసన మెట్లు దిగింది. ఇంటి యజమాని రెండురోజులు పలకలేదు. మా అమ్మాయి మాత్రం కడుపునిండా తాగి నిద్రపోయింది.

నవ్వడం అయ్యాక అమ్మ కాసేపు ఊరుకుంది. మా తాతయ్య, అంటే ఆమె తండ్రి, నాటుపడవలో వేటకు వెళ్ళి ఒక గాలివాన రాత్రి తిరిగి రాలేదు. అమ్మకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ తరువాత ఆమె సముద్రంలో కాలు పెట్టగా నేను చూడలేదు.

"నీళ్ళలోపల సీకటిగా ఉంటాదా?" అని అడిగింది.

ఆ రోజు నాకు రెండు బారల అవతల ఏమీ కనపడలేదు.

"లేదమ్మా. ఆకుపచ్చగా ఉంటుంది. పైనుంచి ఎండ దిగుతూ ఉంటుంది."

"సలేస్తాదా?"

"వేస్తుంది."

అమ్మ తల ఊపింది. తరువాత వెల్లుల్లి చేటను తన వైపుకు లాక్కుంది.