ఇంటి లెక్క

2014 ఆగస్టు 19. తెలంగాణ అంతటా ఒక్కరోజే సమగ్ర కుటుంబ సర్వే. ముంబై, పుణె వైపు కట్టడాల పనికి పోయిన పాలమూరు జనం కూడా కిక్కిరిసిన బస్సుల్లో ఊళ్లకు చేరారు, ఇంటి లెక్కలో తమ పేరు పడాలని.

ఈ ఇంట్లో ఎవరెవరుంటారని ఆ కాగితం అడిగింది. మా వైపు అది తేలిక ప్రశ్న కాదు. ఒకే దూలం కింద అన్నదమ్ములు వేరుపడి రెండు పొయ్యిలు వెలిగిస్తారు. తల్లి పొద్దున పెద్దోడి దగ్గర, మాపటికి చిన్నోడి దగ్గర తింటుంది. ఏ పొయ్యి మీదైనా జొన్నరొట్టె తట్టేది ఆమె చేతులే. మరి ఆమెను ఎటు రాయాలి?

ఇంకొన్ని ఇళ్లకు వలస కాలమంతా తాళాలే. పంట చేతికొచ్చాక మేస్త్రి వెంట వలస పోతారు. తాళంచెవి పక్కింటి అవ్వ కొంగుముడిలో ఉంటుంది. తన వాకిలితోపాటే వాళ్ల వాకిలీ ఊడ్చి సానుపు చల్లుతుంది. బడి మానొద్దని విడిచిపోయిన పిల్లాడికి సద్ది కట్టి పంపుతుంది, జ్వరమొస్తే రాత్రంతా నుదుట తడిగుడ్డ వేస్తుంది. చుట్టరికమేమీ లేదు. నన్నడిగితే, ఆ ఇంటి కాగితంలో మొదటి పేరు ఆమెదే రాసేదాన్ని.