అభ్యాసంలో ఆదరం

ఇది ఉపదేశం కాదు; నిత్యసంచారంలో మునిగిన ఒక గృహస్థుని స్వానుభవ నివేదన మాత్రమే.

నా స్వస్థలం నెల్లూరు. లెక్కల తనిఖీ నా వృత్తి. నెలలో 18 నుండి 20 దినాలు విజయవాడ, విశాఖపట్నం, చెన్నై నగరాల మధ్య ప్రయాణంలోనే గడుస్తాయి. ఆ ప్రయాణాల పేరిట నా నిత్యానుష్ఠానం క్రమంగా సడలిపోయింది. రైలు వేళ కుదరక సంధ్య తప్పేది. బస సరిగా లేదని జపం ఆగేది. 'ఇంటికి వెళ్ళాక చూద్దాం' అన్నది నా నిత్యమంత్రమైపోయింది. ఒక్క నియమాన్నైనా తెగకుండా నిలుపుకోగలనా అన్న ప్రశ్న నన్ను బాధించసాగింది. 2024 శ్రీరామనవమి నాడు తల్పగిరి రంగనాథస్వామి సన్నిధిలో ఒక సంకల్పం చేసుకున్నాను. ఆగస్టు 25న హైదరాబాదులో జరిగే మారథాన్‌లో 42.195 కిలోమీటర్లు పరుగెత్తాలి. అప్పటికి నా వయస్సు 46. అంతకు ముందు నేను పరుగెత్తినది కదిలిపోయే రైలు కోసమే!

చేతిలో ఉన్నవి 18 వారాలు. వారానికి మూడు చిన్న పరుగులు, ఒక దీర్ఘమైన పరుగు. ఈ దీర్ఘమైన పరుగు వారం వారం ఒకటి రెండు కిలోమీటర్లు పెరగాలి. ప్రతి నాల్గవ వారం తగ్గాలి. శరీరంలో నిల్వ ఉండే గ్లైకోజన్ అనే ఇంధనం సుమారు 30 కిలోమీటర్ల వద్ద అడుగంటుతుంది. ఆ దశను దాటే శక్తి ఒక్కనాటి ఉత్సాహంతో రాదు, అభ్యాసంతోనే వస్తుంది.

యోగసూత్రాల సమాధిపాదంలో పతంజలి మహర్షి అభ్యాసం దృఢపడడానికి మూడు లక్షణాలు చెప్పాడు. అది దీర్ఘకాలం సాగాలి, మధ్యలో తెగకూడదు, ఆదరబుద్ధితో జరగాలి. మొదటి రెండింటినీ నేను గట్టిగా పట్టుకున్నాను. పాదరక్షలు ఎల్లప్పుడూ సంచిలోనే ఉండేవి. విశాఖలో సముద్రతీరపు రహదారి, విజయవాడలో కృష్ణాతీరం, అవేవీ అందని చోట బస చేసిన భవనపు మెట్లు - ఏదో ఒకటి నా అభ్యాసక్షేత్రమయ్యేది. మూడవ లక్షణం మాత్రం నా దృష్టికి రాలేదు.

ఆదివారాలు మైపాడు తీరానికి కేటాయించాను. నెల్లూరికి అది 20 కిలోమీటర్లకు పైగా దూరం. బ్రాహ్మీముహూర్తంలో లేచి, రొయ్యల గుంటల మధ్య నుండి మోటారు సైకిలుపై వెళ్ళేవాణ్ణి. సముద్రం వెనుకకు తగ్గిన వేళ తడి ఇసుక గట్టిగా ఉంటుంది. దానిపై అడుగు దిగబడదు. ఒకవైపు సరుగుడు తోపులు, మరొకవైపు పడవలను నీటిలోకి నెడుతున్న మత్స్యకారులు, ఎదుట సూర్యోదయం. రోహిణీ కార్తెలో సైతం ఆ వేళ గాలి చల్లగానే ఉండేది. తీరం సముద్రం వైపు వాలి ఉంటుంది కనుక, ఎప్పుడూ ఒకే దిశలో పరుగెత్తితే మోకాలిపై భారం అసమానంగా పడుతుంది. అందుకని కొంత దూరం వెళ్ళి, మరల అదే దారిన వెనుదిరిగేవాణ్ణి. ఆ రెండు మూడు గంటలు నాకు ధ్యానంతో సమానమనిపించేవి. ఇంటికి చేరేసరికి పది దాటేది. భోజనం, గాఢనిద్ర, సాయంకాలం మళ్ళీ రైలు.

జూన్ చివరి ఆదివారం సంచి సర్దుకుంటుండగా అమ్మ వచ్చి కూర్చుంది. ఆమెకు 74 ఏళ్ళు. "నాయనా, నువ్వు ఊళ్ళో లేనప్పుడు నాకు దిగులుండదు. ఊళ్ళో ఉండి కూడా కనపడకపోతేనే దిగులు" అన్నది. అందులో నిష్ఠురం లేదు. అందువల్లనే నాకు సమాధానం దొరకలేదు.

రైలులో ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నియమం తెగలేదన్న గర్వం మిగిలింది. కానీ అమ్మకు దక్కవలసిన నాలుగు ఆదివారాలను దానికి ఆహుతి చేశాను. ధ్యానమని నేను పేరు పెట్టుకున్నదానిలో సముద్రతీరపు సౌఖ్యంపై ఆసక్తి ఎంత, సాధన ఎంత? స్వధర్మాన్ని అనాదరం చేసిన అభ్యాసంలో ఆదరం ఉన్నదని ఎలా చెప్పగలను? పరుగును విడిచిపెట్టాలా అని కూడా ఆలోచించాను. విడువవలసినది పరుగును కాదు, మైపాడును అని క్రమంగా తెలిసింది.

అప్పుడు శ్రీ చిన్మయ్ గుర్తుకు వచ్చాడు. వంగదేశంలో జన్మించి, పుదుచ్చేరి అరవిందాశ్రమంలో పెరిగి, 1964లో న్యూయార్క్ చేరిన ఆ యోగి పరుగును సాధనగా బోధించాడు. ఆయన ప్రారంభించిన 3,100 మైళ్ళ పరుగు ఆ నగరంలో ఒకే ఒక వీధి చతురస్రం చుట్టూ జరుగుతుంది. చుట్టు 883 మీటర్లు. 52 దినాలలో 5,649 చుట్లు తిరగాలి. దృశ్యం మారదు, మారవలసినది పరుగెత్తేవాడే.

జూలై నుండి దీర్ఘమైన పరుగును శనివారం వేకువకు, నేను పనిమీద ఉన్న ఊరికి మార్చుకున్నాను. విజయవాడలో బస దగ్గర ఒక ఉద్యానంలో 250 మీటర్ల నడకబాట ఉంది. ఒకనాడు అక్కడ 108 చుట్లు, అంటే 27 కిలోమీటర్లు తిరిగాను. లెక్క తప్పకుండా తొమ్మిది చుట్లకొక చింతగింజను ఒక జేబు నుండి మరొక జేబులోకి మార్చాను. ముప్పయ్యో చుట్టు దాకా మహా విసుగు. ఆ తరువాత విసుగు కూడా అలసిపోయింది. సముద్రం లేదు, సూర్యోదయమూ లేదు. పన్నెండు చింతగింజలు, శ్వాస, నామస్మరణ మాత్రమే. ఆదివారాలు అమ్మతో పెన్నా ఒడ్డున రంగనాథుని దర్శనానికి నడిచాను. గాలిగోపురం దాటి ప్రదక్షిణ చేసేలోగా ఆమె మూడు సార్లు ఆగేది. నేనూ ఆగేవాణ్ణి.

ఆగస్టు 25 వేకువన హైదరాబాదు పీపుల్స్ ప్లాజా వద్ద నిలిచాను. నెల్లూరు సమతలానికి అలవాటుపడిన కాళ్ళకు ఆ నగరపు వంతెనలు, ఎత్తుపల్లాలు కఠిన పరీక్ష. 33వ కిలోమీటరు తరువాత పిక్కలు బిగుసుకుపోయాయి. నా పక్కనుండి ఎందరో దాటిపోయారు. సిగ్గుపడలేదని చెప్పను. అప్పుడు ప్రదక్షిణలో అమ్మ నడక గుర్తుకు వచ్చింది. ఆ నడకతోనే, అవసరమైన చోట ఆగుతూ, మళ్ళీ కదులుతూ సాగాను. గచ్చిబౌలి స్టేడియం చేరేసరికి 5 గంటల 50 నిమిషాలు పట్టింది.

నాలాగే సంచార జీవితం గడిపే సాధకులకు ఒక విన్నపం. నియమానికి స్థలం, వసతి అడ్డుకావని నాకు తెలిసింది. అయితే ఆ నియమానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో కూడా అప్పుడప్పుడు చూసుకోవాలి. నేడు నా సంధ్య రైలులోనైనా తప్పడం లేదు.

ఆ రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మర్నాడు ఉదయం ఇల్లు చేరాను. ఆ దినం కృష్ణాష్టమి. అమ్మ గడప నుండి పూజామందిరం దాకా బియ్యప్పిండితో చిన్నికృష్ణుని పాదాలు వేస్తున్నది. సాయం చేద్దామని వంగబోయాను, మోకాళ్ళు వంగలేదు. ఆమె నవ్వి, పిండిగిన్నె నా చేతికిచ్చి పట్టుకొమ్మన్నది. ఆమె వెంట ఒక్కొక్క అడుగే వెనుకకు జరుగుతూ నిలిచాను.

స్వస్తి.