తిరుమల కొండల నీడలో మూడు రోజులు

ముప్పై ఏళ్ళకు పైగా బస్సు నడిపాను. అందులో సగానికి మించి కడప - తిరుపతి మార్గంలోనే గడిచింది. అయినా తిరుపతి ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర బస్టాండు తప్ప మరేమీ ఉండేది కాదు. ప్రయాణికులను దింపడం, ముఖం కడుక్కుని టీ తాగడం, టైము చూసుకుని తిరుగు ప్రయాణం కట్టడం. నా తిరుపతి అంతే.

నా శ్రీమతికి ఆ మాత్రం తిరుపతి కూడా తెలియదు. ఆమెకు తెలిసింది ఆసుపత్రి కిటికీ. గత ఏడాది గుండె శస్త్రచికిత్స కోసం పదకొండు రోజులు అక్కడ ఉన్నాము. మంచం మీద నుండి ఆమెకు కనిపించింది కొండల వరుస ఒక్కటే. డిశ్చార్జి అయిన రోజున, "ఇన్‌షా అల్లాహ్, ఈసారి వస్తే పడుకోవడానికి కాదు, చూడటానికి రావాలి" అన్నది. (ఇంట్లో మేము మాట్లాడుకునేది దక్కనీ ఉర్దూ, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.)

నేను రిటైరైన తర్వాత ఆ మాట గుర్తు చేసింది. పిల్లలు హైదరాబాదు రమ్మన్నారు, అక్కడి థీమ్ పార్కులో రెండు రోజులు తిప్పుతామన్నారు. గిరగిర తిరిగే ఊయలలు తన గుండెకు పనికిరావని ఆమె నవ్వింది. మా ఆపా మాత్రం నవ్వలేదు. "నమాజీలు, ఈ వయసులో పార్కులేమిటి? ఆ డబ్బు ఉమ్రా కోసం దాచుకోరాదా?" అని నిలదీసింది. ఆపా మాట నాకు నిజంగానే ముల్లులా గుచ్చుకుంది. ఉమ్రాకు డబ్బు కూడబెడుతున్న మాట వాస్తవం. అందులో నుండి పైసా తీయకుండా, వేరుగా దాచిన కొద్ది మొత్తంతో డిసెంబరులో బయలుదేరాము.

బస్సులో నాకు డ్రైవరు వెనుక సీటు దొరికింది. అదే పొరపాటైంది. రాజంపేట దాటేసరికి నా కుడికాలు లేని బ్రేకును నొక్కుతూనే ఉంది. రైల్వేకోడూరు అరటి తోటలు, మామిడి తోటలు చూడమని ఆమె చూపిస్తుంటే, ముందు లారీని ఓవర్‌టేక్ చేయడం తొందరపాటని నేను గొణుగుతున్నాను. కుక్కలదొడ్డి, మామండూరు అడవి దగ్గరికి వచ్చేసరికి ఆమె నా మోకాలి మీద చేయి వేసి, "ఆ కాలు కాస్త తీయండి. బస్సు ఆయన నడుపుతున్నాడు" అన్నది.

లాడ్జి గదిలో మంచాలు వేసిన తీరుకు నమాజుకు చోటు లేదు. నుదుట నామం పెట్టుకున్న కుర్రాడు పడమర ఎటో చూపించి, అడగకముందే మంచాన్ని గోడకు జరిపి నేల తుడిచి వెళ్ళాడు. కడప నుండి సుమారు 140 కిలోమీటర్లు వచ్చాము కనుక ఖస్ర్ నమాజు చేశాము. ప్రయాణికుడి భారాన్ని అల్లాహ్ సగానికి తగ్గించాడన్న సంగతి డ్యూటీ రోజుల్లో నాకు ఊరట కలిగించేది. ఈసారి మాత్రం తొందర లేకుండా చేసిన ఆ రెండు రకాతుల రుచి వేరుగా తోచింది. రాత్రి డాబా మీదికి వెళితే, ఘాట్ రోడ్డు మలుపుల్లో వాహనాల దీపాలు ఒకదాని వెంట ఒకటి పైకి పాకుతున్నాయి. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వేశారు, రెండవది 1974లో. ఆ మలుపుల్లో బ్రేకు వేసే చోట్లన్నీ ఆమెకు వివరించబోయి ఆగిపోయాను.

మరునాడు ఉదయం జంతు ప్రదర్శనశాలకు వెళ్ళాము. శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలను 1987లో కొండల అడుగున నెలకొల్పారు. విస్తీర్ణం 5,500 ఎకరాలకు పైమాటే. ఆసియాలోని అతి పెద్ద వాటిలో ఒకటి. నడవలేని వారికి బ్యాటరీ బండ్లున్నాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు అడవి ఇంకా పచ్చగా ఉంది. మంచు తెర తొలగుతుంటే తిరుమల కొండ అంచు ఎర్రగా బయటపడింది.

ఆ అంచు గురించి ఒక మాట చెప్పాలి. కింది వాలు గ్రానైటు, దాని మీద గోడలా నిటారుగా నిలిచింది క్వార్ట్‌జైటు. ఈ రెండు శిలలు కలిసే గీతకు భూగర్భ శాస్త్రంలో గొప్ప పేరుంది. గ్రానైటు ఏర్పడిన తర్వాత పై పొర పడేలోగా గడిచిన కాలం సుమారు 80 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ కాలానికి సంబంధించిన రాతి ఆనవాలు అక్కడ లేదు, ఆ గీత తప్ప. దీనిని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. భూమిపై సంచరించి, సృష్టి ఎలా ఆరంభమైందో చూడమని దివ్య ఖుర్ఆన్ మనకు చెబుతుంది కదా. ఆ మార్గంలో అన్నేళ్ళు సంచరించిన నేను ఒక్కనాడైనా చూశానా?

చుక్కల దుప్పుల ఆవరణ దగ్గర ఆమె నిలబడిపోయింది. ఒక పిల్ల దుప్పి తల్లి చాటు నుండి బయటికి రావడం, మళ్ళీ చాటుకు పోవడం. అదే ఆట. ఐదు నిమిషాలయ్యాక నేను చేతి గడియారం చూసుకున్నాను. ఆమె తల తిప్పకుండానే, "బస్సు వెళ్ళిపోతుందా?" అని అడిగింది. సిగ్గుపడి చేయి జేబులో పెట్టుకున్నాను.

అక్కడ నిలబడి ఉండగా ఒక హదీసు జ్ఞాపకం వచ్చింది. పండుగ రోజున హబషీలు మస్జిదులో బల్లాలతో విన్యాసాలు చేస్తుంటే, మహనీయ ముహమ్మద్ (సఅసం) తన దుప్పటిని అడ్డుగా పట్టి హజ్రత్ ఆయిషా (రజి)కు ఆ వేడుక చూపించారు. ఆమె తనకు తానుగా విసిగి చాలనుకునేంత వరకు ఆయన అలాగే నిలబడ్డారు. ఎన్నోసార్లు విన్న హదీసే. అందులో హబషీల ఆటే నా కంటికి కనిపించేది. నిలబడిన వారి కాళ్ళ గురించి ఎన్నడూ ఆలోచించలేదు. సమస్త సమాజ భారం మోస్తున్న వ్యక్తికి తీరిక దొరికింది, నాకు దొరకలేదట! ఆపాకు ఇవ్వవలసిన సమాధానం కూడా ఇదేననుకున్నాను.

ఆ రోజు ఆమె ఎంతసేపు చూసిందో నాకు తెలియదు. గడియారం చూడలేదు.

మధ్యాహ్నం చెట్ల కింద రొట్టెలు, ఖీమా విప్పుకున్నాము. అక్కడ పిచ్చాపాటీలో, సందర్శకులు తిరిగే ఆవరణలకు వేరుగా ఇక్కడ జంతు పునరావాస కేంద్రం ఒకటుందన్న సంగతి చెప్పాను. సర్కసుల్లో సింహం, పులి, చిరుత, ఎలుగుబంటి, కోతి చేత ఆటలాడించడాన్ని కేంద్ర ప్రభుత్వం 1998లో నిషేధించింది. సర్కసు యజమానులు న్యాయస్థానాలకు వెళ్ళినా, 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అలా విడుదలైన జంతువులకు ఆశ్రయమిచ్చిన చోట్లలో తిరుపతి ఒకటి. కొరడా దెబ్బకు నిప్పు వలయంలో దూకిన సింహాలు చివరి రోజుల్లో ఇక్కడ నీడన పడుకున్నాయి. పిల్లిని కట్టివేసి ఆకలితో చంపిన స్త్రీకి పట్టిన గతిని గురించిన హదీసును ఆమె తలచుకుంది. కాసేపటికి రొట్టె తుంచుతూ, "సింహాలకు రిటైర్మెంటు కోర్టు ఇచ్చింది. మీకు డిపో ఇచ్చింది. నాకెవరిస్తారు?" అన్నది.

హాస్యంగానే అన్నది. నాకు ముద్ద దిగలేదు. ఆపరేషన్ అయిన నలభయ్యో రోజున ఆమె వంటగదిలోకి వెళ్ళింది. వద్దన్నవారెవరూ లేరు, నాతో సహా. ఆ సాయంత్రం లాడ్జిలో ఫజ్ర్ తర్వాతి టీ ఇక నుండి నేను పెడతానన్నాను. "చక్కెర ఎక్కడుందో తెలుసా?" అని అడిగింది. తెలియదు. నేర్చుకుంటానన్నాను.

మూడవ రోజు చంద్రగిరి వెళ్ళాము. తిరుపతికి దగ్గరే. పెనుకొండ తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న కోట అది. రాజమహలును కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారట. ఇప్పుడది పురావస్తు శాఖ మ్యూజియం. విగ్రహాలూ ఆయుధాలూ త్వరగానే చూసి బయటి పచ్చికలోకి వచ్చేశాము. చలికాలపు ఎండ వెచ్చగా ఉంది. దూరాన ఉన్న చెట్టును చూపించి, "పదండి, అక్కడి దాకా. ఎవరు ముందో చూద్దాం" అన్నది.

పరుగు కాదు, నడకే. డాక్టరు రోజూ నడవమన్నారు కనుక ఆమెకు అలవాటుంది. క్లచ్చి తొక్కి తొక్కి నా ఎడమ మోకాలు ఏనాడో అరిగింది. ఆమెే గెలిచింది. ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసి ఓడిన మహనీయులు (సఅసం), చాలా కాలం తర్వాత మరో పందెంలో గెలిచి, అప్పటిదానికి బదులు తీరిందని నవ్వారని చెప్పాను. "అయితే మీకు ఇంకో అవకాశం ఉందన్నమాట" అన్నది.

తిరుగు ప్రయాణంలో నేను కావాలనే వెనుక సీట్లు తీసుకున్నాను. కిటికీ ఆమెది. మామండూరు అడవి వరకు గుర్తుంది. తర్వాత ఆమె భుజం తట్టి లేపినప్పుడు బయట కడప దీపాలు. ఆ మార్గంలో నేను నిద్రపోవడం అదే మొదటిసారి.