మా అమ్మ మాటను సగంలో కోసేశారు

కన్నకొడుకులిద్దరూ మా అమ్మను రోడ్డున వదిలేశారని చెప్పే చిన్న వీడియో ఒకటి 2024 కార్తీకమాసంలో పుట్టి, తెలుగువాళ్ళున్న ఊరూరా తిరిగింది. నిడివి 43 సెకన్లు. ఆ కొడుకుల్లో పెద్దవాణ్ణి నేను. అందులో ఏం చేశారో, దానివల్ల మా ఇంట్లో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. రీల్స్, షార్ట్స్ తీసే పిల్లలు దీన్ని చదవాలన్నదే నా తాపత్రయం.

అమ్మ రాజమండ్రిలో గోదావరి స్టేషన్ దగ్గర టిఫిన్ బండి నడుపుతుంది. ఇడ్లీ, పెసరట్టు, దిబ్బరొట్టె, బొంబాయి చట్నీ. నాన్న బతికున్నప్పటి నుంచీ ఉన్న బండే అది. తమ్ముడు ఆటో నడుపుతాడు, అమ్మ దగ్గరే ఉంటాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గ్యాసు బండ, పిండి గిన్నెలు మోసుకొచ్చి పొయ్యి వెలిగించేది వాడే. తొమ్మిదింటి దాకా అమ్మ పక్కనే ఉండి, ఆ తరవాతే ఆటో తీస్తాడు. నేను పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో పనిచేస్తాను. నెలనెలా నేను పంపే డబ్బును అమ్మ తన కోసం ముట్టుకోదు, నా కూతురి పేరున పోస్టాఫీసులో ఉన్న సుకన్య ఖాతాలో వేసేస్తుంది. మాతో వచ్చి ఉండమని అడగని పండగ లేదు. రాదు. ఆవిడకు బండి కావాలి, తెల్లారేసరికి నలుగురు మనుషులు కావాలి.

కార్తీకమాసంలో రేవుల దగ్గర స్నానాలు, దీపాలు చిత్రీకరించడానికి వచ్చిన ఒక కుర్రాడు ఓ పొద్దున బండి దగ్గర తిన్నాడు. బాగుందని మెచ్చుకుని, "వీడియో తీసుకోనా అమ్మా" అని అడిగాడు. "తీసుకో బాబూ" అంది అమ్మ. అడిగాడు కదా, ఇంకేం తప్పని చాలామంది నాతో వాదించారు. అమ్మ ఒప్పుకున్నది పెసరట్టు పోస్తుండగా తీయడానికి. తన కుటుంబం గురించి లోకానికి ఒక కథ చెప్పడానికి ఆవిడ ఒప్పుకోలేదు, అతనూ అడగలేదు.

ఆ వీడియోను ఆపి ఆపి చూశాను కాబట్టి ప్రతి ముక్కా నాకు తెలుసు. మొదటి మూడు సెకన్లలో ఎర్ర అక్షరాలు: 'ఇద్దరు కొడుకులున్నా రోడ్డు మీదే ఈ తల్లి'. వెంటనే అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకోవడం, నెమ్మదించిన వేగంలో. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు ఆవిరి కళ్ళకు కొడుతుంది, రోజుకు పదిసార్లు అలా తుడుచుకుంటుంది. వెనక ఏడుపు రాగం పెట్టి, గిన్నెల చప్పుడు, జనం మాటలు, అమ్మ నవ్వు అన్నీ తీసేశారు. ఆ తరవాత అమ్మ గొంతు: "ఇద్దరు కొడుకులున్నా నా కష్టం నాదే బాబూ." అక్కడ కోత. మిగతాదంతా ఆ కుర్రాడి వ్యాఖ్యానం. పది రూపాయలకే ప్లేటు ఇడ్లీ పెట్టి కడుపు నింపుకుంటోందని, కన్నబిడ్డలు తిరిగి చూడటం లేదని. చివర్లో బండికి అంటించిన క్యూఆర్ కోడ్ దగ్గరగా చూపించి, సాయం చేయమని విజ్ఞప్తి. కింద బండి ఉన్న చోటు.

సరిగ్గా మధ్యలో అమ్మ పక్కన నిలబడి చట్నీ వేస్తున్న మనిషి కనిపిస్తాడు. అది మా తమ్ముడు. తల్లిని వదిలేశాడన్న కొడుకు ఆ వీడియోలోనే ఉన్నాడు. పక్కనున్నది ఎవరమ్మా అని ఒక్క ప్రశ్న అడిగితే ఆ కథ అక్కడే ఆగిపోయేది. పనివాణ్ణి పెట్టుకునే స్తోమతుందే అని కూడా ఒకరు కింద రాశారు.

నా ఫోను మోగడం ఒక రాత్రి షిఫ్టులో మొదలైంది. నంబరు ఎవరిచ్చారో ఇప్పటికీ తెలియదు. బంధువుల పెళ్ళి ఫొటోలోంచి నా ముఖం కత్తిరించి, 'వీడే ఆ పెద్దకొడుకు' అని పెట్టారు. కువైట్ నుంచి ఒకాయన చేశాడు. తల్లిని చూసి మూడేళ్ళయిందని, ఆమె కాళ్ళ దగ్గర కూర్చునే అదృష్టం తనకు లేదని, ఉన్న నువ్వు ఇలా చేస్తావా అని ఏడుస్తూ తిట్టాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆ వీడియో చూస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. కానీ ఆయనకు జవాబు చెప్పబోతే వినలేదు, ఎవరూ వినలేదు. ఫ్యాక్టరీలో పిలిచి అడిగారు. మా అత్తగారు నా భార్యకు ఫోను చేసి, మీ ఇంట్లో ఏం జరుగుతోందే అంది. నాలుగో తరగతి చదివే నా కూతురు బడి నుంచి వచ్చి, "నాన్నా, నానమ్మకి మనం అన్నం పెట్టమా?" అని అడిగింది. రాజమండ్రిలో తమ్ముడి ఆటో అద్దం ఎవరో పగలగొట్టారు. స్టాండులో వాణ్ణి గుర్తుపట్టినవాళ్ళు ఎక్కిన ఆటో దిగిపోయారు.

ఇవన్నీ ఒక ఎత్తు, అమ్మకు తెలిసిన రోజు ఒక ఎత్తు. ఆవిడ దగ్గర మామూలు ఫోనే ఉంది. రోజూ వచ్చే ఒకావిడ బండి దగ్గర అమ్మను పట్టుకుని ఏడ్చి, "మా ఇంటికి వచ్చెయ్యండి పిన్నిగారూ" అంటే విషయం బయటపడింది. తమ్ముడి చేత ఆ వీడియో పెట్టించుకుని తన గొంతు తనే వింది. "నా నోటితో నేనే అన్నాను కదరా" అని కూలబడింది. తన మాటే బిడ్డల మెడకు చుట్టుకుందని ఆవిడ నమ్మింది. మేమెంత చెప్పినా ఆ బాధ తగ్గలేదు. రక్తపోటు పెరిగి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. కార్తీకమాసమంటే బండికి మంచి బేరాలుండే కాలం, బండి మూలన పడింది.

బండి మూయక ముందు కూడా అమ్మకు మనశ్శాంతి లేదు. పది రూపాయలన్నది బడికి వెళ్ళే పిల్లలకు రెండు ఇడ్లీలకు తీసుకునే ధర. మిగతావాళ్ళకు ప్లేటు ముప్ఫై. వీడియో చూసి వచ్చినవాళ్ళు మోసమని గొడవపడ్డారు. చిన్న బండి మీదికి ఒక్కసారిగా జనాన్ని తోలితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. 2024 జనవరిలో హైదరాబాద్ మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే ఒకావిడ వీడియోలతో పేరు పొందాక, ట్రాఫిక్ ఆగిపోతోందని పోలీసులు ఆ బండిని ఆపించారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుంటే తప్ప ఆవిడకు మళ్ళీ చోటు దొరకలేదు. ప్రతి బండికీ ముఖ్యమంత్రి రారు.

డబ్బు సంగతి ఇంకా ఘోరం. ఎవరో ఆ వీడియోను స్క్రీన్ రికార్డు చేసి, అమ్మ క్యూఆర్ కోడ్ ఉన్నచోట తమది అతికించి వదిలారు. దానికి ఎవరెంత పంపారో మాకు తెలియదు. ఇంత డబ్బొచ్చినా కొడుకులే తినేస్తున్నారని మాత్రం కొత్త నింద వచ్చింది. తమ్ముడు 1930కి ఫోను చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆ లింకులు పెట్టాడు. ఢిల్లీ మాళవీయనగర్‌లో 2020 అక్టోబరులో ఒక వృద్ధ దంపతుల 'బాబా కా ఢాబా' వీడియో దేశమంతా తిరిగినప్పుడు కూడా, విరాళాల లెక్క దగ్గరే వాళ్ళకూ, వీడియో తీసినతనికీ తగాదా వచ్చి పోలీసుల దాకా వెళ్ళింది. ఆ తరవాతి ఏడాది వాళ్ళు రాజీపడ్డారు. మంచి మనసుతో మొదలైన చోట కూడా, పరాయివాళ్ళ పేరున డబ్బు అడిగితే ఇలాంటివి పుడతాయి.

పోలీస్ స్టేషన్‌లో మర్యాదగానే మాట్లాడారు. పరువు నష్టం భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, దానికి తాము నేరుగా కేసు కట్టలేమని, మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలని చెప్పారు. కోర్టు మెట్లెక్కనని అమ్మ ఒట్టు పెట్టుకుంది. యాప్‌లో ఫిర్యాదు చేశాం. 2021 ఐటీ నిబంధనల ప్రకారం అప్పట్లో 24 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తేల్చారు, మా నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదని. నిజమే, అందులో బూతు లేదు, బెదిరింపు లేదు. ఒక ముసలామె ఇడ్లీ వేస్తోంది, అంతే. అది అబద్ధమని తెలియాలంటే మా ఇల్లు తెలిసుండాలి. ఆ నిర్ణయం మీద కేంద్ర ప్రభుత్వ గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చని మాకు తెలిసేసరికి గడువు దాటింది.

చివరకు తమ్ముడి స్నేహితుడొకడు ఆ కుర్రాణ్ణి పట్టుకున్నాడు. కొట్టడానికి వెళ్దామన్నవాళ్ళున్నారు, నేను వద్దన్నాను. అతను తన తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఇంజినీరింగ్ పూర్తిచేసి ఉద్యోగం దొరకక వీడియోలు తీస్తున్నాడు. అమ్మ కాళ్ళకు దండం పెట్టి, తీసిన అసలు ఫైలు మొత్తం ఫోనులో చూపించాడు. తొమ్మిది నిమిషాలు. ఇంట్లో అందరం కూర్చుని చూశాం. అమ్మ అందులో నవ్వుతూ పిండి ఎలా రుబ్బాలో చెబుతోంది, నాన్న గురించి చెబుతోంది. ఆ మాట వచ్చింది. "ఇద్దరు కొడుకులున్నా నా కష్టం నాదే బాబూ. పెద్దాడు రమ్మని ప్రాణం తీస్తాడు, నేనే వెళ్ళను. చిన్నాడు ఇదిగో, నీకు చట్నీ వేసినోడే. ఒంట్లో ఓపికున్నంత కాలం ఒకరి మీద పడి తినకూడదు."

ఇంట్లో ఎవరం మాట్లాడలేదు. అమ్మ మాత్రం, "చూశావా, నేను మొత్తం చెప్పానురా" అంది. అన్ని రోజుల తరవాత ఆవిడ ముఖం తేటపడింది అప్పుడే.

ఎందుకు కోశావని అడిగాను. "మిగతా మాటలు పెడితే స్టోరీ నిలబడలేదండి" అన్నాడు. మొదటి మూడు సెకన్లలో పట్టుకోకపోతే జనం పైకి తోసేస్తారని, ఎంతమంది చివరిదాకా చూశారన్న దాన్నిబట్టే యాప్ ఇంకొకరికి చూపిస్తుందని, బాధ ఉంటే ఆగి చూస్తారని చెప్పాడు. అతను దాచలేదు, అందుకు సంతోషం. కానీ చోటు చాలక కోశాడని ఎవరూ అనుకోవద్దు. ఆ వీడియో రావడానికి నెల ముందే, 2024 అక్టోబరు 15 నుంచి యూట్యూబ్ షార్ట్స్ నిడివి 60 సెకన్ల నుంచి మూడు నిమిషాలకు పెరిగింది. అమ్మ చెప్పిన ఆ నాలుగు వాక్యాలకు పట్టింది పావు నిమిషం.

అతను వెంటనే వీడియో తీసేశాడు. అమ్మ పూర్తి మాటలతో ఇంకొకటి పెట్టాడు. దాన్ని చూసినవాళ్ళు మొదటిదాన్ని చూసినవాళ్ళలో చారెడు కూడా లేరు. అప్పటికే పేజీలు, గ్రూపులు కాపీ చేసుకున్నాయి. అసలుది పోయింది, నకళ్ళు మిగిలాయి. ముందు ఆ పాత వీడియోకే శీర్షిక మార్చి, దాని కిందే సవరణ పిన్ చేసి, కాపీ చేసిన పేజీలకు రాసి, అవి తీయించాక తను తీసేయాల్సింది. తప్పు ఎక్కడ చూశారో సవరణ కూడా అక్కడే కనబడాలి.

వీడియోలు తీసే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నేను చెప్పేది ఇది. సంగీతం, కోతలు, అక్షరాలు మీ ఇష్టం, అవి మీ పని. ఎదుటి మనిషి మాటను మాత్రం వాక్యం మధ్యలో కోయకండి. కన్నీళ్ళలా కనిపించేవాటిని అడగకుండా కన్నీళ్ళనకండి. ధర చెబితే ఆ ధర ఎవరికో, దేనికో కూడా చెప్పండి. క్యూఆర్ కోడ్, బండి నంబరు, బడి యూనిఫాంలో ఉన్న పిల్లల ముఖాలు మసక చేయండి. పెట్టే ముందు ఆ మనిషి చేతికే ఫోనిచ్చి చూపించండి, చదువు రానివాళ్ళకైతే తెర మీది అక్షరాలు చదివి వినిపించండి. మా అమ్మకు ఆ ఎర్ర అక్షరాలు చదివి వినిపించి ఉంటే, "అదేంటి బాబూ, నా పిల్లలు అలాంటోళ్ళు కాదు" అని అప్పుడే అనేది. అసలు ఫైలు చెరిపేయకండి. మాకు మిగిలిన ఒక్క సాక్ష్యం అదే.

అమ్మ మళ్ళీ బండి పెట్టింది. ఎవరైనా ఫోను ఎత్తితే మాట్లాడటం మానేస్తుంది. ఆ వీడియో వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ ఎక్కడో ఒకచోట తేలుతూనే ఉంది, తేదీ లేకుండా, నిన్న జరిగినట్టు. ఎర్ర అక్షరాలతో, కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్న టిఫిన్ బండి అమ్మ మీ ఫోనులో కనిపిస్తే దయచేసి ఎవరికీ పంపకండి. పంపినవాళ్ళకు ఆ పక్కన చట్నీ వేస్తున్నది ఆమె కొడుకేనని చెప్పండి.