చిన్నమ్మ నవ్వింది

హాస్యానికి కరుణ విరోధి రసమని ఏటా క్లాసులో చెబుతూ ఉంటాను. రెంటినీ ఒకచోట కలిపితే రెండూ చెడతాయని మన ఆలంకారికుల అభిప్రాయం. వారి మాటమీద గౌరవం చేతనే అనుకున్నాను, 2010లో వచ్చిన అనూషా రిజ్వీ సినిమా "పీప్లీ లైవ్"ను హాల్లో సగం చూసి లేచి వచ్చేశాను.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అప్పు తీరక పొలం వేలానికి వస్తుంది. రైతు ఆత్మహత్య చేసుకుంటే సర్కారు లక్ష రూపాయలిస్తుందని అన్నదమ్ములిద్దరూ వింటారు. నేను చస్తానంటే నేనని వాదులాట. తమ్ముడు నత్థా ఆ మాట అనీ అనగానే అన్న బుధియా చటుక్కున ఒప్పేసుకుంటాడు! హాలంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం మా చిన్నాయన కనిపించాడు. అనంతపురం జిల్లాలో వేరుశనగ వేసి, అప్పులవాళ్లకు మొహం చూపలేక 2003లో ప్రాణం తీసుకున్నాడాయన.

కిందటి సంక్రాంతికి చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. మావాడు టి.వి.లో ఆ సినిమాయే పెట్టాడు. గబగబా కట్టెయ్యబోయాను.

"ఉండనీ నాయనా" అంది.

ఆవిడకు హిందీ రాదు. మావాడు మాటలు చెబుతుంటే చూస్తోంది. నత్థా ఇంటి ముందు టి.వి. వాళ్లు తిరునాళ్ల చేశారు. ఆఫీసర్లు "లాల్ బహదూర్" అని ఒక బోరింగు పంపు తెచ్చి, పాతకుండానే పడేసి పోయారు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"మనింటికీ ఇట్లనే వచ్చినారప్పా. మంచినీళ్లు తాగండి సారూ అంటే సీసాలు తెచ్చుకున్నామనిరి. ఒక పిల్లోడు, నేను ఏడ్చింది కెమెరాలో సరిగా పడలేదంట, మళ్లీ ఏడవమన్నాడు. నాకేమో రాలేదు. ఎదురింటామె ఏడ్చింది. టీవీలో ఆయమ్మనే చూపించినారు!"

ఇన్నేళ్లలో ఈ సంగతి మాలో ఎవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు. చిన్నాయన పేరెత్తితే ఆవిడ ఏడుస్తుందేమోనని ఎత్తడమే మానుకున్నాం.

సినిమాలో ఆ ఊళ్లోనే మరో రైతు ఉన్నాడు. బక్కచిక్కిన మనిషి, రోజూ మట్టి తవ్వి అమ్ముకుంటాడు. ఒకనాడు తాను తవ్విన గోతిలోనే చచ్చిపడి ఉంటాడు. నేను లేచి వచ్చేసిన తర్వాతి భాగంలో ఉందిది. అంతవరకూ నాకూ తెలియదు.

చిన్నమ్మ నవ్వు ఆగింది.

"ఆయన పేరేమి?"

"హోరీ మహతో" అన్నాడు మావాడు.

ప్రేమ్‌చంద్ 1936లో రాసిన "గోదాన్" నవలలోని రైతు పేరు అది, అని చెప్పబోయి ఊరుకున్నాను.

"ఆయప్ప ఇంటికి ఎవురూ పోలేదా?"

"లేదవ్వా. కెమెరాలన్నీ నత్థా ఇంటి దగ్గరే ఉన్నాయి."

చిన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నా చెయ్యి మళ్లీ టి.వి. వైపు పోతుండగా, "కట్టొద్దు. నత్థా ఏమయినాడో చూద్దాం" అంది.